బరి బయటి మనుషులు



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో, ఆయన ఎలాంటి మనిషో సభాధ్యక్షులు ఇప్పటికే చెప్పారు. ఆయనతో కలిసి భిలాయి స్టీల్ ప్లాంటులో చెమటోడ్చినవాళ్లు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన ఉద్యోగం గురించి చెప్పే అర్హత వారిది. నేను ఆయన డ్యూటీ దిగాక చేసిన పని గురించి మాట్లాడతాను. ఆయన కబడ్డీ ఆడిన మనిషి కాదు, ఆడించిన మనిషి. సెక్టారు గ్రౌండులో ముగ్గుతో గీతలు గీయించడం, జట్ల పేర్లు రాసుకోవడం, చందా పుస్తకం పట్టుకుని సివిక్ సెంటర్ దుకాణాలన్నీ తిరగడం, బయటి ఊరి నుంచి వచ్చిన రిఫరీకి బస, భోజనం చూడడం ఆయన వంతు.

వీటిలో ఒక పనిని నేను దగ్గరగా చూశాను. ఫైనలు ఏ రోజు పెట్టాలో ఆయన పంచాంగం చూసి నిర్ణయించేవారు కాదు, షిఫ్టు చార్టు చూసి నిర్ణయించేవారు. బాగా ఆడే నలుగురైదుగురు ఏ షిఫ్టులో ఉన్నారు, చూడటానికి వచ్చే జనం ఏ షిఫ్టు దిగి వస్తారు, జీతాలు చేతికొచ్చిన వారమా కాదా, మర్నాడు వీక్లీ ఆఫ్ ఎవరికుంది అని లెక్క చూసుకునేవారు. ప్లాంటులోని రెండు మూడు షాపుల చార్టులు పక్కపక్కన పరిచి, పెన్సిలుతో ఒక సాయంత్రం చుట్టూ గీత గీసేవారు. ఆ సాయంత్రం గ్రౌండులో నిలబడటానికి చోటుండేది కాదు. ప్రపంచంలో ఎక్కడైనా ఒక లీగును నడిపే అధికారి మొదట తేల్చుకోవలసింది ఇదే. ఎవరు ఆడతారు, ఎవరు చూస్తారు, వాళ్లిద్దరూ ఏ గంటకు ఒకచోట కలుస్తారు? ఆయన ఆ పనిని జీతం లేకుండా, హోదా లేకుండా చేశారు. ఇవాళ అదే పని పెద్ద వృత్తి. దానికి ఆఫీసులున్నాయి, చదువులున్నాయి, పెద్ద జీతాలున్నాయి.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆటగాణ్ని తయారు చేయడం ఒక విద్య, ఆటను నిలబెట్టడం ఇంకో విద్య. భిలాయి మొదటి విద్యలో దేశంలో ఎవరికీ తీసిపోదు. రెండో విద్యను మనం పట్టించుకోలేదు. అందువల్ల నష్టపోయింది మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు.

ముందు మన ఊరి గొప్పను మనం సరిగ్గా తెలుసుకోవాలి. 1955 ఫిబ్రవరి 2న మన ఉక్కు కర్మాగారం కోసం భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి మన పెద్దలు విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గంలో ఇక్కడికి వచ్చారు. పని కోసం వచ్చినవాళ్లు బాలాజీ గుడి కట్టుకున్నారు, నాటకాలు వేసుకున్నారు, సంక్రాంతికి చెడుగుడు ఆడుకున్నారు. ప్లాంటు వారికి క్వార్టరూ బడీ ఆసుపత్రీ ఇచ్చింది. వాటితో పాటు గ్రౌండు కూడా ఇచ్చింది. ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. దేశంలో ఎన్ని ఊళ్లలో కార్మికుడి పిల్ల నడిచి వెళ్లగలిగే దూరంలో బాస్కెట్‌బాల్ కోర్టు, పరుగుల ట్రాకు, ఈతకొలను ఉన్నాయో ఒక్కసారి ఆలోచించండి.

అప్పటి క్రీడా వ్యవస్థ అంతా ఈ పునాది మీదే నడిచింది. రైల్వే, పోలీసు, బ్యాంకులు, ఓఎన్‌జీసీ, ఎయిరిండియా, ఉక్కు కర్మాగారాలు ఆటగాడికి ఉద్యోగమిచ్చేవి. ఆట పేరిట ఉద్యోగం, ఉద్యోగం నీడలో ఆట. సెయిల్ సంస్థ రూర్కెలాలో హాకీకీ, బొకారోలో ఫుట్‌బాల్‌కీ, మన భిలాయిలో అథ్లెటిక్స్‌కీ అకాడమీలు పెట్టింది. ఆఫ్ స్పిన్నర్ రాజేశ్ చౌహాన్‌ను గుర్తు చేసుకోండి. 1993 నుంచి 1998 దాకా 21 టెస్టులు ఆడారు, ఆ 21లో ఒక్కదానిలోనూ భారత జట్టు ఓడలేదు. 1997లో కరాచీ వన్డేలో సక్లైన్ ముస్తాక్ బంతిని సిక్సర్‌గా పంపిన దృశ్యం మన తరం వాళ్లెవరూ మరిచిపోరు. అంతటి ఆటగాడూ మన స్టీల్ ప్లాంటు ఉద్యోగే. అలాంటి కాలం అది. ఆటగాడికి భద్రత ఉండేది. తన ఆటకు బజారులో ఎంత వెల ఉందో తెలుసుకునే దారి మాత్రం ఉండేది కాదు.

ఆ దారి వేసినవాళ్లలో మొదటి వరసలో నిలిచేది మార్క్ మస్కరేన్హాస్. బెంగళూరులో పుట్టి, అమెరికాలో వరల్డ్‌టెల్ అనే సంస్థ పెట్టి, 1996 ప్రపంచ కప్పు టీవీ హక్కులు కొన్నాడు. 1995లో సచిన్ తెందుల్కర్‌తో కోట్ల ఒప్పందం చేసుకున్నాడు. ఒక క్రికెటర్ ఆటకు, పేరుకు, ముఖానికి ఇంత వెల ఉంటుందా అని దేశం ఆశ్చర్యపోయింది. 2002 జనవరిలో మనకు దగ్గర్లోనే, నాగ్‌పూర్ సమీపంలో జరిగిన రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించాడు. అప్పటికి ఐపీఎల్ ఇంకా పుట్టలేదు. ఆరేళ్ల తర్వాత, 2008 జనవరిలో, ఎనిమిది ఐపీఎల్ జట్లను వేలం వేస్తే అందులో రెండు తెలుగు సంస్థల చేతికి వచ్చాయి. హైదరాబాద్‌ను డెక్కన్ క్రానికల్ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు, ఢిల్లీని జీఎంఆర్ 8 కోట్ల 40 లక్షల డాలర్లకు కొన్నాయి. జీఎంఆర్ అధినేత గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. ఇక్కడ కూర్చున్నవారిలో ఎంతమంది ఆ చుట్టుపక్కల ఊళ్లవారో నాకు తెలుసు. 2013లో ఢిల్లీ జట్టు రాయ్‌పూర్‌ను తన సొంత మైదానాల్లో ఒకటిగా చేసుకుని మ్యాచ్‌లు ఆడినప్పుడు ఐపీఎల్ మన గుమ్మం దగ్గరికి వచ్చింది.

కానీ ఇవాళ నేను క్రికెట్ గురించి ఎక్కువ చెప్పను. క్రికెట్‌కు జనం ముందే ఉన్నారు. జనం ఉన్న ఆటను అమ్మడం కష్టమే గానీ అసాధ్యం కాదు. జనం ఉండీ, డబ్బు లేక, టీవీ లేక, పల్లెటూరి ఆటగా పక్కన పడి ఉన్న ఆటను నిలబెట్టడం వేరు. అది కబడ్డీ విషయంలో జరిగింది. దాన్ని చేసినవారిలో ముఖ్యుడైన చారు శర్మ జీవితాన్ని కొంచెం వివరంగా చూద్దాం.

చారు శర్మ తెలుగువాడు కాదు, భిలాయికీ ఆయనకూ చుట్టరికం లేదు. మన ఇళ్లలోకి ఆయన మొదట గొంతుగా వచ్చాడు. వ్యాఖ్యాత, క్విజ్ మాస్టర్. 2003 ప్రపంచ కప్పులో మందిరా బేడీతో కలిసి టీవీ కార్యక్రమం నడిపింది ఆయనే. 2006లో దోహా ఏషియన్ క్రీడలకు వెళ్లినప్పుడు అక్కడ కబడ్డీ చూశాడు. మన దేశంలో మట్టిలో ఆడే ఆట, అక్కడ ఇండోర్ హాల్లో, మ్యాటు మీద, దీపాల వెలుగులో జరుగుతుంటే, ఆట గురించి ఏమీ తెలియని విదేశీయులు కూడా కుర్చీ అంచున కూర్చుని చూశారు. ఈ ఆట టీవీకి పనికొస్తుందన్న ఆలోచన ఆయనకు అక్కడ కలిగింది. లీగు మొదలైంది 2014లో. మధ్యలో ఎనిమిదేళ్లు.

ఆ ఎనిమిదేళ్లలో ఆయనకొక పెద్ద దెబ్బ తగిలింది. 2008లో రాయల్ చాలెంజర్స్ బెంగళూరుకు ఆయన మొదటి సీఈఓ. జట్టు వరసగా ఓడింది. సీజను పూర్తి కాకముందే ఆయన ఆ కుర్చీ ఖాళీ చేయాల్సి వచ్చింది. జట్టు చివరికి ఎనిమిదిలో ఏడో స్థానంలో నిలిచింది. మైదానంలో బ్యాటు పట్టింది ఆయన కాదు, క్యాచ్ వదిలింది ఆయన కాదు. అయినా ఓటమికి మొదట ఆయన ఉద్యోగం పోయింది. ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. గెలిస్తే కప్పు ఎత్తేది కెప్టెన్. ఓడితే మొదట ఇంటికి వెళ్లేది చాలాసార్లు ఆఫీసులో కూర్చున్నవాడే. అలాంటి అవమానం తర్వాత చాలామంది ఆ రంగం వదిలేసి పోతారు. ఆయన పోలేదు. ఆనంద్ మహీంద్రాతో కలిసి మశాల్ స్పోర్ట్స్ తరఫున కబడ్డీ పనిని కొనసాగించాడు, స్టార్ ఇండియాను ఒప్పించాడు. 2014 జులై 26న ఎనిమిది జట్లతో ప్రో కబడ్డీ మొదలైంది.

ఆ తేదీని గమనించండి. బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జులై 13న ముగిసింది. ఐపీఎల్ సద్దుమణిగింది. వానాకాలం, బయట మైదానాలు తడిసి ఉంటాయి. కబడ్డీకి ఇండోర్ హాలు చాలు. రాత్రి ఎనిమిదింటికి, అన్నం వేళకు, గంటలో ముగిసే ఆట. మ్యాటు ప్రో కబడ్డీ కనిపెట్టింది కాదు, అంతర్జాతీయ పోటీల్లో అప్పటికే ఉంది. లీగు చేసింది వేరు. కూతకు వెళ్లినవాడి 30 సెకన్లను ప్రేక్షకుడి కళ్ల ముందు గడియారంగా పెట్టింది. రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తేవాలి, లేదా అవుట్ కావాలి అనే నియమం తెచ్చింది. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలిన జట్టు కూతగాణ్ని పట్టేస్తే అదనపు పాయింటు ఇచ్చింది. దాంతో వెనకబడ్డ జట్టుకు కూడా చివరి నిమిషం దాకా ఆశ మిగిలింది. ఊళ్లో కబడ్డీ ఎరిగినవాళ్లకు ఈ మార్పుల విలువ వెంటనే అర్థమవుతుంది. ఆధిక్యంలో ఉన్న జట్టు ఊరికే గీత దాటి వెళ్లి, తిరిగొచ్చి కాలం దొర్లించే పద్ధతి పోయింది. మొదటి సీజన్‌ను 43 కోట్ల పైచిలుకు మంది చూశారని టీవీ లెక్కలు చెప్పాయి. ఆ ఏడు ఐపీఎల్ తర్వాతి స్థానం కబడ్డీదే. 2015లో స్టార్ ఆ సంస్థలో 74 శాతం వాటా కొన్నది.

ఇక్కడ మనవాడొకరిని తలుచుకోకపోతే తప్పు. ఆ లీగుకు సాంకేతిక సంచాలకుడిగా పనిచేసిన ఇ. ప్రసాదరావు కబడ్డీలో 2002లో ద్రోణాచార్య పురస్కారం పొందిన గురువు. ఆయన కబడ్డీ శిక్షణ మీద రాసిన పుస్తకం 1994లో విజయనగరంలో అచ్చయింది. టీవీ వాళ్లు ఆటను ఎంత మార్చాలనుకున్నా, ఏది మారిస్తే ఆట బాగుపడుతుంది, ఏది మారిస్తే ఆట చచ్చిపోతుంది అని చెప్పగల మనిషి ఒకడు గదిలో ఉండాలి. లీగు అధికారి తెలివి ఎక్కువ భాగం అలాంటివాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవడంలో, ఆయన మాట వినడంలో ఉంటుంది. టెన్నిస్‌కూ, హాకీకీ, కుస్తీకీ పెట్టిన లీగులు కొన్ని సీజన్లకే ఆగిపోవడమో, ఏళ్ల తరబడి మూతపడటమో మనం చూశాం. కబడ్డీ పన్నెండు సీజన్లు దాటి నడుస్తోంది.

ఆటగాడి చేతికి ఏం వచ్చింది? నా దృష్టిలో లీగు అధికారిని తూచవలసిన తక్కెడ ఇదొక్కటే. మొదటి సీజన్ వేలంలో అత్యధిక ధర రాకేశ్ కుమార్‌కు, 12 లక్షల 80 వేలు. అప్పట్లో ఆయన రైల్వే ఉద్యోగి, భారత జట్టు కెప్టెన్. 2018లో మోనూ గోయత్‌కు కోటి 51 లక్షలు. 2023లో పవన్ సెహ్రావత్‌ను మన తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. ఆ సీజన్లో టైటాన్స్ పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది, మన అభిమానులకు బాధ కలిగింది. అయినా నేను ఆ వేలాన్ని తప్పుపట్టను. తొమ్మిదేళ్లలో ఒక పల్లె ఆటగాడి ధర ఇరవై రెట్లు పెరిగిందంటే, హర్యానాలోనో మహారాష్ట్రలోనో మన శ్రీకాకుళంలోనో ఒక తండ్రి కొడుకును గ్రౌండుకు పంపేటప్పుడు వేసుకునే లెక్క మారింది. ఉద్యోగం కోసం ఆడటం ఒక్కటే దారి కాకుండా పోయింది.

ఇంత మెచ్చుకున్నాక దాని లోపాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. 2016లో ప్రో కబడ్డీతో పాటు మహిళల కబడ్డీ చాలెంజ్ అని మూడు జట్లతో పెట్టారు. జులై 31న హైదరాబాద్‌లో జరిగిన ఫైనల్లో స్టార్మ్ క్వీన్స్ జట్టు ఫైర్ బర్డ్స్‌ను 24–23తో ఓడించింది. ఒక్క పాయింటు తేడా. అంతకంటే మంచి ఫైనలు ఏ లీగూ కోరుకోదు. మరుసటి ఏడు ఆ పోటీ లేదు. ఆ తర్వాతా ఆ నిర్వాహకులు దాన్ని మళ్లీ పెట్టలేదు. భారత మహిళల కబడ్డీ జట్టు 2010 ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 2014లో గెలిచింది, 2018లో ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడి, 2023లో హాంగ్జౌలో మళ్లీ గెలిచింది. ఇన్ని గెలిచిన జట్టుకు టీవీలో నెలరోజుల జాగా దొరకలేదు. మొదటి ఏడు లాభం రాని చోట రెండో ఏడు పెట్టుబడి పెట్టేవాడు లేకపోవడమే దీనికి కారణమని నేననుకుంటాను. లీగును మొదలుపెట్టడం ఒక ధైర్యం. నష్టం వచ్చిన ఏడాది దాన్ని ఆపకుండా ఉండటం అంతకన్నా పెద్ద ధైర్యం.

మన హైదరాబాద్ అనుభవాలూ అదే చెబుతాయి. ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున నిలిచి, మరుసటి ఏడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ నాయకత్వాన కప్పు గెలిచింది. 2012లో యజమాని అప్పుల్లో కూరుకుపోయి జట్టే రద్దయింది. మైదానంలో గెలుపు ఆఫీసులో దివాలాను ఆపలేకపోయింది. బ్యాడ్మింటన్ సంగతి ఇంకా బాధాకరం. 2013లో మొదలైన లీగును సైనా నెహ్వాల్ జట్టు హైదరాబాద్ హాట్‌షాట్స్ గెలిచింది. రెండేళ్ల ఖాళీ తర్వాత 2016 జనవరిలో ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ పేరిట తిరిగి మొదలైంది. దాన్ని నిర్వహించిన స్పోర్ట్జ్‌లైవ్ సంస్థకు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ప్రసాద్ మంగిపూడి. కరోలినా మారిన్ లాంటి ఒలింపిక్ విజేతలు వచ్చి మన హైదరాబాద్ హంటర్స్‌కు ఆడారు. 2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫైనలు జరిగింది. తర్వాత కరోనా వచ్చింది, లీగు ఆగిపోయింది. ప్రపంచస్థాయి ఆటగాళ్లను వరసగా ఇచ్చిన ఊళ్లో, జనం ఆదరణ ఉన్న ఆటకే ఈ గతి పట్టింది.

ఇప్పుడు మన ఊరికి వస్తాను.

భిలాయిలో బాస్కెట్‌బాల్ అంటే కోచ్ రాజేశ్ పటేల్ గారు. 2018లో ఆయన కన్నుమూసినప్పుడు మన ఊళ్లో ఎన్ని ఇళ్లలో అమ్మాయిలు ఏడ్చారో మీకు తెలుసు. పంత్ స్టేడియంలో ఆయన దగ్గర ఆట నేర్చినవాళ్లు ఛత్తీస్‌గఢ్‌ను, ఈ చిన్న కొత్త రాష్ట్రాన్ని, మహిళల బాస్కెట్‌బాల్‌లో దేశం లెక్కపెట్టాల్సిన పేరుగా నిలబెట్టారు. జాతీయ పోటీల్లో మనవాళ్లకు ఎదురు నిలవాలంటే రైల్వే జట్టు రావాల్సి వచ్చేది. ఆ రైల్వే జట్టులోనూ మన అమ్మాయిలే ఉండేవారు. అంజు లక్రా, సీమా సింగ్, భారతి నేతామ్ భారత జట్టుకు ఆడారు. కవిత ఆకుల భారత జట్టుకు ఆడి, అమెరికాలో గ్రాండ్ కాన్యన్ విశ్వవిద్యాలయం జట్టులో చోటు సంపాదించింది. ఒక ఉక్కు పట్నం, ఒక కోచ్, కొన్ని కోర్టులు, పేద ఇళ్ల అమ్మాయిలు. దేశంలో ఏ క్రీడాశాఖా దీన్ని ప్రణాళిక వేసి సాధించలేదు.

వీళ్లకు ఆట చివర దొరికింది ఏమిటి? అదృష్టం బాగున్నవాళ్లకు రైల్వేలో ఉద్యోగం. దాన్ని నేను చిన్నచూపు చూడను. ఆ ఉద్యోగం ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది. కానీ ఏడాదికి కొన్ని టోర్నమెంట్లు, ఖాళీ గ్యాలరీలు, పేపర్లో నాలుగు లైన్లు తప్ప ఆమె ఆటను చూసినవాడు లేడు. ఆమె ఆటకు వెల కట్టినవాడూ లేడు. 2010లో భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య ఐఎంజీ–రిలయన్స్ సంస్థతో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది. వృత్తి లీగు వస్తుందని ఆశపెట్టారు. అదే సంస్థ 2014లో ఫుట్‌బాల్‌కు ఇండియన్ సూపర్ లీగ్ తెచ్చింది. బాస్కెట్‌బాల్‌కు మాత్రం ఆ ఒప్పందం కింద లీగు పుట్టలేదు. 2015లో యూబీఏ అనే సంస్థ మగవాళ్లకు ఒక లీగు పెట్టింది, హైదరాబాద్ స్కై అనే జట్టు కూడా ఉండేది. అది 2017తో ఆగింది. ఆ ఏళ్లన్నీ మన అమ్మాయిలు ఆటలో ఉచ్చస్థితిలో ఉన్న ఏళ్లు. మళ్లీ రాని ఏళ్లు.

బాస్కెట్‌బాల్‌లో ఆడవాళ్ల లీగు నడవదని ఎవరైనా మీతో అంటే వ్యాలరీ ఆకర్‌మన్ పేరు చెప్పండి. ఆమె వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టుకు ఆడింది, లా చదివింది, ఎన్‌బీఏ ఆఫీసులో లాయరుగా చేరింది. 1997లో అమెరికాలో మహిళల లీగు మొదలైనప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. ఎనిమిది జట్లు. ఆటల కాలాన్ని వేసవికి పెట్టారు. మగవాళ్ల లీగు ఆ నెలల్లో ఉండదు, స్టేడియాలు ఖాళీగా ఉంటాయి, టీవీకి ఆట కావాలి. ఇక్కడ కూడా ముందు కుదిరింది చార్టే. 2005 దాకా ఆమె ఆ పదవిలో ఉంది. లాభం లేని సీజన్లు చూసింది, మూతపడ్డ జట్లను చూసింది. లీగు ఆగలేదు, ఇవాళ్టికీ నడుస్తోంది. ఆట ఆడిన అమ్మాయి ఆఫీసు పని నేర్చుకుంటే ఏమవుతుందో చెప్పడానికి నాకు అంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

మన ఇళ్లలో ఇంజనీరింగ్, మెడిసిన్ తప్ప వేరే చదువు చదువే కాదన్న పట్టుదల ఇంకా ఉంది. భిలాయి కోచింగ్ సెంటర్ల పేరు దేశమంతా తెలుసు, అందుకు గర్వపడదాం. కానీ లీగు ఆఫీసులో ఏయే పనులుంటాయో మన పిల్లలకు ఎవరూ చెప్పరు. స్పాన్సరుతో ఒప్పందం రాసే లాయరు, టికెట్ల ధర నిర్ణయించే లెక్కలవాడు, ఒక ఊళ్లో రాత్రి మ్యాచ్ ముగిశాక మ్యాటు చుట్టి మర్నాడు సాయంత్రానికి ఇంకో ఊళ్లో పరిపించే ఏర్పాట్ల మనిషి, గాయాల రికార్డు ఉంచే ఫిజియో, ఆటగాడి పన్నులు చూసే అకౌంటెంటు, ప్రసార వాహనంలో కూర్చుని ఏ కెమెరా ఎప్పుడు చూపాలో చెప్పే సాంకేతిక నిపుణురాలు ఆ ఆఫీసులో ఉండేవాళ్లే. ప్లాంటులో షట్‌డౌన్‌ను గంటల లెక్కన నడిపిన మనుషుల పిల్లలకు ఈ పనులు కొత్త కావు. ఏర్పాటు, క్రమం, సమయం మన ఊరివాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటైన విషయాలు. ఆటాడిన అమ్మాయి మోకాలు దెబ్బతిని ఇరవై రెండేళ్లకు ఆట ఆపేస్తే, ఆమె జీవితం అక్కడితో ముగిసినట్టు మాట్లాడకండి. ఆటను లోపలి నుంచి ఎరిగిన ఆమె కంటే ఆ ఆఫీసుకు తగిన మనిషి ఎవరున్నారు?

ఇంకొక సంగతి కూడా మనం ఒప్పుకోవాలి. పాత రోజులు తిరిగిరావు. ప్లాంటులో ఒకప్పుడున్న ఉద్యోగుల సంఖ్యలో ఇవాళ చిన్న భాగమే మిగిలింది. క్రీడా కోటా నియామకాలు తగ్గాయి. సెక్టార్లలో క్వార్టర్లు ఖాళీ అవుతున్నాయి, కొన్ని గ్రౌండుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అన్నీ ప్లాంటే చేస్తుందని కూర్చుంటే ఆ గ్రౌండులు కూడా మిగలవు. ప్లాంటు ఇచ్చిన కోర్టులు, రాజేశ్ పటేల్ గారు ఇచ్చిన ఆట మన దగ్గర ఉన్నాయి. లేనిది బరి బయట నిలబడి దాన్ని నడిపే మనుషులు.

అందుచేత ఈ సభకు, ఈ స్మారక నిధి నిర్వాహకులకు నాదొక విన్నపం. వచ్చే శీతాకాలంలో భిలాయిలో మహిళల బాస్కెట్‌బాల్ లీగు ఒకటి పెట్టండి. నాలుగు జట్లు చాలు, ఆరు వారాలు చాలు. భిలాయి, దుర్గ్, రాయ్‌పూర్, రాజ్‌నాంద్‌గావ్‌లకు తలా ఒక జట్టు ఇవ్వండి. ప్రతి జట్టుకు మన తెలుగు వ్యాపారులు ఒకరైనా ముందుకు రావాలి. ఆడిన ప్రతి అమ్మాయికి మ్యాచ్ ఫీజు మ్యాచ్ ముగిసిన సాయంత్రమే బ్యాంకు ఖాతాలో పడాలి. జమాఖర్చులు అచ్చువేసి ఊరందరికీ పంచాలి. కోర్టుల కోసం ప్లాంటు క్రీడా విభాగాన్ని, ఆటగాళ్ల నమోదు కోసం రాష్ట్ర సంఘాన్ని ఇప్పుడే కలవాలి. నష్టం వస్తే రెండో ఏడు, మూడో ఏడు కూడా నడుపుతామని మొదటి రోజే మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. ఈ నిధి వడ్డీలోంచి ఏటా ఒక అమ్మాయిని, ఆట ఆడిన అమ్మాయిని, క్రీడా నిర్వహణ చదివించండి. చదువు పూర్తయ్యాక రెండేళ్లు ఈ లీగును ఆమె చేతికివ్వండి.

మీలో ఎవరైనా ఆ కమిటీలో పనిచేయడానికి సిద్ధమైతే సభ ముగిశాక వెళ్లిపోకుండా కాసేపు ఆగండి, పేర్లు ఈ రాత్రే రాసుకుందాం. చందా పుస్తకంలో మొదటి రసీదు నా పేరున రాయండి.